కుదుపుల భయంతో మూడు ఎయిర్‌లైన్స్ మార్చిన సర్వీసు: క్రూకి ఏది మేలు?

అమెరికా విమానాల్లో 2009 నుంచి 2022 దాకా కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడినవాళ్లు 163 మంది. అందులో 129 మంది విమాన సిబ్బందే (క్రూ). బెల్టు లైటు వెలిగితే మనం కూర్చుంటాం, వాళ్లేమో ఇంకా ట్రాలీ పట్టుకుని నిలబడే ఉంటారు. కాబట్టి ఏ మార్పునైనా తూచాల్సింది ఒక్క ప్రశ్నతోనే: క్రూ ఎంత ముందుగా కూర్చోగలుగుతున్నారు?

ఆ లెక్కన అమెరికా ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్‌కే పెద్ద పీట. దిగేటప్పుడు 10,000 అడుగుల దగ్గర మొదలయ్యే క్యాబిన్ సర్దుడును 2024 డిసెంబర్ 4 నుంచి 18,000 అడుగులకే మొదలుపెట్టేశారు. నిమిషానికి 2,000 అడుగుల చొప్పున దిగుతుంటే నాలుగు నిమిషాలు కలిసొచ్చినట్టు. మేఘాల్లోంచి దిగే వేళే చెత్త ఏరుతూ, సీట్లు నిటారుగా పెట్టిస్తూ తిరగడం ఉంది చూశారూ, ప్రమాదమంతా అక్కడే. వెనక గ్యాలీలో (విమానంలో వంటగదిలో) మరీ ఎక్కువ, తోక ఊగినంతగా మధ్య భాగం ఊగదు. కుదుపు రాగానే విమానం నేల కిందికి జారి పాదాలు గాల్లోకి లేస్తాయి, మరుక్షణం నేల పైకొచ్చి తగులుతుంది. ఒంటి బరువంతా చీలమండ మీద పడి ఎముక విరుగుతుంది. ప్రయాణికులకు నష్టమల్లా లాప్‌టాప్ కాస్త ముందు మూసేయడమే.

కొరియన్ ఎయిర్ 2024 ఆగస్టు 15 నుంచి ఎకానమీలో కప్పు నూడుల్స్ ఆపేసింది. మరుగునీళ్లు ఒలికి కాలడం తగ్గుతుంది, మంచిదే. బిజినెస్ క్లాసులో మాత్రం ఇస్తున్నారు, అక్కడి నీళ్లు కాల్చవు కాబోలు! అసలు పనికొచ్చేది పెద్దగా ఎవరికీ పట్టని రెండో మార్పు: దూరప్రయాణాల్లో సర్వీసును దిగడానికి 20 నిమిషాల ముందు కాక 40 నిమిషాల ముందే ముగించడం.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2024 మేలో తన ఎస్‌క్యూ321 విమానం తీవ్ర కుదుపులకు గురైన ఘటన తర్వాత, బెల్టు లైటు వెలిగితే వేడి పానీయాలతో పాటు భోజనం కూడా ఆపేయాలని నియమం పెట్టింది. నియమం మంచిదే, కానీ లైటు ముందుగా వెలిగితేనే పనిచేస్తుంది. ఆ రోజు లైటు వేశామని పైలట్ అన్న 8 సెకన్లకే, 0.6 సెకన్లలో జి-ఫోర్స్ (ఒంటి మీద పడే బలం, మామూలుగా 1; మైనస్ అయితే సీట్లోంచి పైకి విసిరేస్తుంది) 1.35 నుంచి మైనస్ 1.5కి పడిపోయింది. అంత తక్కువ వ్యవధిలో ట్రాలీని గ్యాలీకి చేర్చడం కుదరదు. బ్రేకు పెడల్ తొక్కి, కాఫీ కెటిల్ నేల మీద పెట్టి, దగ్గర్లో ఖాళీ సీటుంటే అందులో, లేకపోతే నేల మీదే కూలబడి ఆర్మ్‌రెస్ట్ పట్టుకోవడమే దారి.