రోజూ ఐదు నిమిషాలా, ఆదివారం గంటసేపా: ఇంటికి ఫోను ఎలా చేస్తే మేలు?

మా అమ్మానాన్న తణుకులో ఉంటారు, నేను డాలస్‌లో. పన్నెండేళ్లుగా దూరం తెలియకూడదని మూడు పద్ధతులూ పాటించి చూశాను: ఆదివారం గంటసేపు వీడియో కాల్, వీలున్నప్పుడల్లా వాట్సాప్ సందేశాలు, రోజూ ఆఫీసుకు బయలుదేరే ముందు ఐదు నిమిషాల మామూలు ఫోను. వీటిలో ఏది మేలని అడిగితే రోజూ చేసే ఫోనే అని తడుముకోకుండా చెబుతాను.

ఆదివారం వీడియో అంటే అమ్మకు పండుగ. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోనును పంచదార డబ్బాకు ఆనించి కూర్చునేది. సగంసేపు ఆమె నుదురు, పైన తిరిగే ఫ్యాను మాత్రమే కనిపించేవి. పిల్లలు వచ్చి "అమ్మమ్మా" అని పిలిస్తే ఆ ముఖం వెలిగిపోవడం చూసి తీరాలి. మనవలున్న ఇంట్లో ఈ కాల్ మానకూడదు. అయితే ముస్తాబై కూర్చున్న మనిషి కష్టం చెప్పుకోదు. వారం రోజుల మాటల్లో మంచివి ఏరి చెబుతుంది. "మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు" అని ముగిస్తుంది. అమ్మ మోకాలు వాచి మంచం దిగలేకపోయిన సంగతి మూడు ఆదివారాలు దాటాక గానీ నాకు తెలియలేదు.

నేను ఉదయం ఏడింటికి ఫోను చేస్తే వేసవిలో అక్కడ సాయంత్రం ఐదున్నర. అమ్మ కరివేపాకు దూస్తూనో, బియ్యం కడుగుతూనో మాట్లాడుతుంది. పెద్దగా చెప్పుకునే కబుర్లేమీ ఉండవు. పాలు ఆలస్యమయ్యాయని, ఎదురింటివాళ్లు మేడ మీద గది వేస్తున్నారని, చింతకాయ పచ్చడికి ఉప్పు చాలలేదని. ఆ మాటల వెనక కుళాయి చప్పుడు, నాన్న దగ్గు, వీధిలో కూరల బండి కేక వినిపిస్తాయి. పోయిన ఏడాది వరసగా మూడు రోజులు అమ్మ రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవడం విన్నాను. అడిగితే, "ఏమీ లేదు తల్లీ, గేటు దాకా వెళ్లొచ్చాను" అంది. నాలుగో రోజు అన్నయ్యకు చెప్పి డాక్టరు దగ్గరకు పంపాను. రక్తం బాగా తగ్గిపోయిందని పరీక్షలో తేలింది. రోజూ వినే గొంతు కాబట్టే తేడా పట్టుకోగలిగాను.

ఇక సందేశాలు. మందుల చీటీ, పరీక్షల రిపోర్టు, టికెట్ల వివరాలు పంపడానికి వీటికి మించినది లేదు. వినికిడి తగ్గినవారికి రాత మాటే ఆధారం. మనసు కుదుటపడటానికి మాత్రం రాత చాలదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆడపిల్లలకు ఒత్తిడి కలిగించే పరీక్ష పెట్టారు. తరువాత కొందరిని అమ్మతో ఎదురుగా, కొందరిని ఫోనులో, కొందరిని కంప్యూటర్ చాట్‌లో మాట్లాడనిచ్చారు. అమ్మ గొంతు విన్నవారిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది, దగ్గరితనానికి, ఊరటకు సంబంధించిన హార్మోను ఆక్సిటోసిన్ పెరిగింది. చాట్ చేసినవారు ఎవరితోనూ మాట్లాడనివారిలాగే ఉండిపోయారు. ఉదయం ఫోను అమ్మానాన్నల కోసమే చేస్తున్నానని చాలాకాలం అనుకున్నాను. అది చదివాక, అమ్మతో మాట్లాడి వెళ్లిన రోజు ఆఫీసులో నేనెందుకు స్థిమితంగా ఉంటానో అర్థమైంది.

బొమ్మ కనిపిస్తేనే దగ్గరితనం అనుకునేవారికి ఇంకొక మాట. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, రాసుకున్నవారి కన్నా మాట్లాడుకున్నవారు ఒకరికొకరు ఎక్కువ దగ్గరైనట్టు భావించారు. ముఖం కనిపించడం వల్ల అదనంగా వచ్చిన లాభం పెద్దగా లేదు, పని చేసింది గొంతే.

రోజూ చేసే ఫోనుకూ ఒక చెడు ఉంది, అది నా వల్లే వచ్చింది. మందు వేసుకున్నావా, నడకకు వెళ్లావా, ఉప్పు తగ్గించావా అని వరసపెట్టి అడిగేదాన్ని. ఒకరోజు నాన్న, "హాజరు వేయడానికి చేస్తున్నట్టుందమ్మా" అన్నారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఆయన అన్నది నిజం. ఐదు నిమిషాలూ ఆరాలకే సరిపోతే ఆ ఫోను మానేయడమే నయం. ఇప్పుడు పేపరులో ఏం రాశారని, కాలువకు నీళ్లు వదిలారా అని అడుగుతాను. మందుల సంగతి ఆయనే మధ్యలో చెప్పేస్తారు. వాళ్లను దగ్గరుండి చూసుకునే వదినకు సలహాలు పంపడమూ మానేశాను. వారానికోసారి ఆమెకు విడిగా ఫోను చేసి, ఆమె ఎలా ఉందో అడుగుతున్నాను. మా ఇద్దరి మధ్య చనువు ఆ తరువాతే పెరిగింది.

రోజూ కుదరనివారు వారానికి మూడు రోజులైనా పెట్టుకోవచ్చు, వేళ మాత్రం తప్పకూడదు. అమెరికాలో ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, మన ఏడు గంటలు అక్కడ ఆరున్నర అవుతుంది. ముందురోజే చెప్పి పెట్టాలి. ఒక ఏడు చెప్పడం మరిచిపోయాను. అమ్మ ఐదున్నర నుంచి ఫోను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుందట. పొయ్యి కూడా వెలిగించలేదు.