కత్తి పెట్టే ముందు రక్తపరీక్ష అడిగిన పళ్ళ ఆసుపత్రి

మా అన్నయ్యకు పైచిగుళ్ళు ఉబ్బి, పళ్ళు తోముకున్నప్పుడల్లా నెత్తురు కారుతుంటే, ఇంటిదగ్గరి క్లినిక్‌లో రెండుసార్లు స్కేలింగ్ చేయించి, యాంటీబయాటిక్ మాత్రలు వాడించాము. నెల గడిచినా ఉబ్బు తగ్గలేదు సరికదా, అంగిలి మీద మరో గడ్డ లేచింది. ఆ తరువాత మేము వెళ్ళిన దంత వైద్య కళాశాల ఆసుపత్రి, అందులో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగం గురించి ఇక్కడ రాస్తున్నాను.

అక్కడి వైద్యురాలు నోరు తెరవమనే ముందే కనురెప్ప కిందికి లాగి చూశారు, మెడలో గ్రంథులు తడిమారు, జ్వరం, నీరసం, ఒంటిమీద కమిలిన మచ్చలు ఉన్నాయా అని అడిగారు. బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) అవసరమేనని చెబుతూనే, రక్తకణాల లెక్క తేల్చే సీబీపీ రిపోర్టు చూడనిదే కత్తి పెట్టనని అన్నారు. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు కనీసం లక్షన్నర ఉండవలసింది, 22 వేలే ఉన్నాయి. తెల్లకణాలలో అధికభాగం ఎదగని బ్లాస్ట్ కణాలు. ఆ స్థితిలో చిగురు కోసి ఉంటే నెత్తురు ఆపడం ఎంత కష్టమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఈ ఒక్క నిర్ణయానికే ఆ విభాగానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

అదే రోజు రక్తవ్యాధుల నిపుణుల దగ్గరకు పంపారు. ఎముక మజ్జ పరీక్షలో అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ అని, అందులోనూ చిగుళ్ళను ఎక్కువగా ఉబ్బించే మోనోసైట్ రకమని తేలింది. ప్లేట్‌లెట్లు ఎక్కించాక అంగిలి నుంచి తీసిన ముక్కలో మైలాయిడ్ సార్కోమా కనిపించింది. అంటే రక్తక్యాన్సర్ కణాలే మజ్జ వెలుపల గడ్డగా పెరిగాయన్నమాట. ఇలాంటి గడ్డలు కొన్ని కోసినప్పుడు ఆకుపచ్చగా కనబడతాయి కనుక పూర్వం క్లోరోమా అనేవారని, మామూలు స్లైడులో లింఫోమా అనే మరో క్యాన్సర్‌గా పొరబడే ప్రమాదం ఉన్నందున, కణాల రకాన్ని గుర్తుపట్టే ఇమ్యునో పరీక్ష చేయించాలని పాథాలజీ వారు ఓపికగా వివరించారు.

లోపం చెప్పాలంటే, ఆ పరీక్ష అక్కడ లేదు. బయటి ల్యాబుకు ఇవ్వవలసిన బ్లాకు (మైనంలో భద్రపరచిన ఆ ముక్క) కోసం కౌంటరు చుట్టూ నాలుగు రోజులు తిరిగాము. ఇలాంటి జబ్బులో నాలుగు రోజులు చిన్న విషయం కాదు. ఓపీ చీటీలు కూడా పదిన్నరకే ఆపేస్తారు.

గడ్డను కోసి తీసేయమని వదిన ప్రాధేయపడితే, మూలం మజ్జలో ఉంది కాబట్టి కీమో ఇవ్వాల్సిందేనని నిపుణులు చెప్పారు. ఏడు రోజులు సైటరబిన్, అందులో మొదటి మూడు రోజులు డౌనోరూబిసిన్ కూడా ఇచ్చారు. కత్తి తగలకుండానే గడ్డ కరిగింది. కీమో సాగినన్నాళ్ళూ నోరు పుండ్లు పడకుండా మెత్తని బ్రష్షు, పుక్కిలించే మందు రాసిచ్చింది ఆ వైద్యురాలే. వార్డుకు వచ్చి రెండుసార్లు చూసి వెళ్ళారు కూడా.