స్టైపెండ్ డబ్బులు: చీటీనా, ఆర్డీనా, ఫోన్ ఈఎంఐనా?

ఐటీఐ అయిపోయి అప్రెంటిస్‌గా చేరినవాడికి మొదటి స్టైపెండ్ పడిన రోజే ముగ్గురు సలహాదారులు తయారవుతారు. రూమ్మేట్ చీటీ వెయ్యమంటాడు, అమ్మ పోస్టాఫీసంటుంది, సెల్ షాపువాడు ఈఎంఐ అంటాడు. 2019లో మార్చిన రూల్స్‌లో ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 అని పెట్టారు. రూముకీ మెస్సుకీ పోగా వెయ్యి మిగిలితే గొప్ప. ఆ వెయ్యి గురించే ఈ గొడవంతా.

చీటీ సంగతి చూద్దాం. ఇరవై మంది, నెలకు వెయ్యి, 20 నెలలు. మొదటి నెల ఎవడో అవసరం కొద్దీ ఐదు వేలు తగ్గించి పాడితే వాడికి 15,000 వస్తాయి, నడిపేవాడి కమీషన్ వెయ్యి పోగా మిగిలిన నాలుగు వేలు తలా 200 పంచితే ఆ నెల మనం కట్టేది 800. బాగానే ఉంది కదా? కానీ చాలా ట్రేడుల్లో అప్రెంటిస్‌షిప్ ఏడాదే. స్టైపెండ్ ఆగిపోయినా చీటీ ఇంకో ఎనిమిది నెలలు నడుస్తుంది. నేను ఐదో నెలలోనే పాడేసుకుని బండి రిపేరుకీ చెల్లెలి ఫీజుకీ ఖర్చుపెట్టేశాను, పదమూడో నెల నుంచి నాన్న దగ్గర చెయ్యి చాపాను. ఆయన ఏమీ అనకుండా నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే, తిట్టినా బాగుండేదనిపించింది. పైగా రిజిస్టర్ కాని చీటీ అయితే తేడా వచ్చినప్పుడు చూపించడానికి నడిపేవాడు రాసుకునే నోటుబుక్కు తప్ప ఏమీ ఉండదు.

పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా ఇంతని కట్టే రికరింగ్ డిపాజిట్, భద్రమే. 6.7 శాతం వడ్డీకి నెలకు వెయ్యి కడితే ఐదేళ్లలో 60,000 కాస్తా 71 వేల పైచిలుకు. కానీ ఐదేళ్లు! మూడేళ్లలోపు మూసేయడానికి కూడా లేదు. ఉద్యోగం వచ్చాక చూడండి.

నా ఓటు ఏడాది బ్యాంకు ఆర్డీకే. వడ్డీ నాలుగొందలకు అటూ ఇటూ, దాని కోసం కాదు. సరిగ్గా స్టైపెండ్ ఆగే వేళకి పన్నెండు వేల పైన చేతికొస్తుంది, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగే రెండు మూడు నెలలు ఎవర్నీ అడగక్కర్లేదు.

ఈఎంఐ అంటారా, డబ్బు కట్ అయ్యే రోజున ఖాతా ఖాళీగా ఉంటే బ్యాంకు ఒక బాదుడు, ఫైనాన్సువాళ్లు ఇంకో బాదుడు. పాత ఫోన్‌కి బ్యాటరీ మార్పించండి చాలు.

ఆర్డీ మాత్రం పదో తారీఖు దాటాక తెరవండి, మామూలుగా తెరిచిన తేదీకే ప్రతి నెలా కట్ అవుతుంది. మాకు స్టైపెండ్ ఏడో ఎనిమిదో తారీఖుకి గానీ పడేది కాదు.