డొలోరెస్ పార్కులో ఈస్టర్: సిస్టర్ల వేడుక ఎలా ఉంటుందంటే

శాన్‌ఫ్రాన్సిస్కోలో 'సిస్టర్స్ ఆఫ్ పర్పెచువల్ ఇండల్జెన్స్' (క్రైస్తవ సన్యాసినుల వేషం కట్టే ఎల్‌జీబీటీ బృందం) జరిపే ఈ వేడుకకు టికెట్ లేదు. విరాళాల బకెట్లు తిరుగుతాయి, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. పొద్దున పిల్లలకు గుడ్ల వేట. ఆ తర్వాత టోపీల పోటీ, మధ్యాహ్నం 'హంకీ జీసస్', అంటే కండలు తిరిగిన అందగాడు ఏసు వేషాల పోటీ. పిల్లలతో వెళ్తే పొద్దుటి భాగం చూసి వచ్చేయండి.

అసలు సరుకు మధ్యాహ్నమే. పోటీదారులు ఆ ఏటి రాజకీయాలనే వేషంగా కట్టుకొస్తారు. మన పగటివేషగాళ్లు ఊరిపెద్దని ఆయన వాకిట్లోనే దులిపేసినట్టుంటుంది. గెలుపు చప్పట్లను బట్టే కాబట్టి, స్నేహితుల గుంపుతో వచ్చినవాళ్లదే పైచేయి. పోటీలో నాకు నచ్చని లోపం ఇదొక్కటే.

సిస్టర్లను దగ్గర్నుంచి చూడండి: ముఖమంతా తెల్లరంగు, దానిమీద పౌడరు. పౌడరు సరిగ్గా అద్దకపోతే ఎండకి చెమటపట్టి గడ్డం దగ్గర చారలు కడుతుంది.

ఇది ఉత్త వేషం కాదు. 1979లో మొదలైన ఈ బృందం 1982లోనే సురక్షిత శృంగారం గురించి కరపత్రం వేసింది. అదే ఏడు బృందంలోని సిస్టర్ బూమ్ బూమ్ నగర సూపర్‌వైజర్ల (నగర పాలకమండలి సభ్యుల) ఎన్నికల్లో ఆ వేషం పేరుతోనే నిలబడి 23,000కు పైగా ఓట్లు తెచ్చుకుంది. ఆ దెబ్బకి బ్యాలెట్ మీద అసలు పేరే ఉండాలని నగరం నిబంధన పెట్టింది.

పార్కింగ్ ఆశ వదులుకోండి. జె చర్చ్ ట్రామ్ పార్కు పక్కనే ఆగుతుంది. ఆలస్యమైతే వేదిక కనపడదు, మాటలు మాత్రమే వినపడతాయి.