బోరు నీళ్లకు రెసిన్ సాఫ్ట్‌నర్: తిరుపతిలో నాలుగేళ్లు వాడాక

బోరు నీళ్ల గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్ మాది: 25 లీటర్ల రెసిన్ (సన్నటి ప్లాస్టిక్ గింజలు) ఉన్న ఫైబర్ సిలిండర్, చేత్తో తిప్పే వాల్వు, పక్కన ఉప్పునీళ్ల డబ్బా. ఇంట్లో నలుగురు. సంపులోకి బోరు నీళ్లూ మున్సిపల్ నీళ్లూ రెండూ పడతాయి. నాలుగేళ్లుగా రోజూ నడుస్తోంది. పనిచేస్తుందా అంటే, బాగా చేస్తుంది. కాకపోతే కొనేటప్పుడు సిలిండర్ ఎత్తు చూసి మోసపోకండి. లోపల రెసిన్ ఎన్ని లీటర్లు పోశారో అడిగి బిల్లు మీద రాయించుకోండి. మిగతా లెక్కంతా దాని మీదే ఉంది.

అంతకన్నా ముందు నీళ్ల కాఠిన్యం కొలవాలి. అమ్మేవాళ్లు టీడీఎస్ మీటరు ముంచి పెద్ద అంకె చూపిస్తారు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తం. సబ్బును నురగ రానివ్వనిది, గీజర్‌లో సున్నంలా పేరుకునేది అందులోని కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. నీళ్ల కాఠిన్యం అంటే ఈ రెండే. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ ఆ రెండింటినీ పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. అందుకే బిగించాక కూడా టీడీఎస్ తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. అది మిషను లోపం కాదు.

కాఠిన్యానికి చుక్కల కిట్ వేరే దొరుకుతుంది. గీత వరకు నీళ్లు పోసి, బఫర్ చుక్కలు, రంగు పొడి వేస్తే నీళ్లు ద్రాక్షరంగు ఎరుపుకు తిరుగుతాయి. ఆపైన ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ, ఎరుపు పూర్తిగా పోయి నీలం రాగానే ఆపి చుక్కలు లెక్కపెట్టి, కిట్ మీది లెక్కతో కాఠిన్యంగా మార్చుకోవాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు.

తిరుపతిలో ఒక్కసారి కొలిచి వదిలేస్తే చాలదు. కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు నేల మీద పారి వచ్చేవి. బోరు నీళ్లు రాళ్ల సందుల్లో నిలిచి ఖనిజాలు కరిగించుకుని వచ్చేవి. రెండూ ఒకే సంపులో పడితే ఏ రోజు ఏది ఎక్కువ పడిందో దాన్నిబట్టి కాఠిన్యం మారుతుంది. ఎండాకాలంలో బోరు మీదే ఆధారపడిన వారాల్లో ఒకసారి, కార్తీక మాసం వానలయ్యాక ఒకసారి కొలిచి, ఎక్కువ వచ్చిన అంకెతోనే లెక్క వేసుకోండి.

లెక్క ఇదీ. ఒక లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టుకుంటుంది. 25 లీటర్లకు 1,250 గ్రాములు. నీళ్ల కాఠిన్యం 500 అయితే లీటరుకు అర గ్రాము, అంటే 2,500 లీటర్లకు రెసిన్ నిండిపోతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540. నాలుగున్నర రోజులు. చివరి బొట్టు వరకు ఆగకుండా 2,200 లీటర్లకే ఉప్పు పెట్టాలి, అంటే ఉప్పునీళ్లు పంపి రెసిన్‌కు మళ్లీ సోడియం ఎక్కించాలి. నాలుగు రోజులకోసారి అని క్యాలెండర్ చూసి పెడితే, చుట్టాలు వచ్చిన వారం గట్టి నీళ్లే వస్తాయి. లైనులో చిన్న వాటర్ మీటరు పెట్టించండి. ఈ మొత్తంలో దానంత ఉపయోగపడిన ఖర్చు ఇంకోటి లేదు.

బిగించే చోటు దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు. మిద్దె మీద ట్యాంకు కింద, కిందికి దిగే పైపుకు పెడితే ఒత్తిడి చాలదు. పది మీటర్ల ఎత్తు ఉంటే గానీ ఒక బార్ ఒత్తిడి రాదు. రెసిన్‌ను ఎగదోసి కడగడానికి, ఉప్పునీళ్లు లాగడానికి ఒకటిన్నర, రెండు బార్లు కావాలి. సంపు మోటారుకూ మిద్దె ట్యాంకుకూ మధ్య పెట్టడమే సరైన పద్ధతి. కానీ అక్కడ ఇంకో చిక్కు ఉంది. 25 లీటర్ల రెసిన్ గంటకు వెయ్యి లీటర్లకు మించి సరిగా మెత్తబరచలేదు. ఒక హెచ్‌పీ మోటారు అంతకన్నా చాలా ఎక్కువ తోస్తుంది. నీళ్లు రెసిన్ మధ్యలో దారి చేసుకుని గట్టిగానే బయటికి పోతాయి. కొంత నీటిని తిరిగి సంపులోకి వదిలే అడ్డు పైపు, దానికో వాల్వు పెట్టి, మీటరు చూస్తూ వేగం తగ్గించాలి. ట్యాంకు నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే. సాఫ్ట్‌నర్‌కు ముందు ఇసుక, మట్టి ఆపే ఫిల్టరు ఒకటి తప్పనిసరి. పట్టి ఉంచిన బోరు నీళ్లు పసుపురంగుకు తిరిగితే ఇనుముందని అర్థం. దాన్ని వేరుగా తీయకపోతే రెసిన్ ఎర్రబడి పట్టు పోతుంది.

ఉప్పు పెట్టేటప్పుడు: మొదట పది నిమిషాలు కింది నుంచి పైకి కడుగు, మురికి తేరే వరకు. మూడు కిలోల కల్లుప్పు పది లీటర్ల నీళ్లలో ముందు రోజే కరిగించి ఉంచి, ఇరవై ముప్పై నిమిషాలు నెమ్మదిగా లాగించాలి. తర్వాత ఇరవై నిమిషాలు నిదానంగా, పది నిమిషాలు వేగంగా కడగాలి. బయటికి వచ్చే నీళ్లు నాలుకకు ఉప్పగా తగలకూడదు. అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు వద్దు, డబ్బా అడుగున గడ్డకడుతుంది. 25 కిలోల మూట నెల దాటి కొన్ని రోజులు వస్తుంది. ఒక్కో విడతకు సుమారు 250 లీటర్లు కాలువ పాలవుతాయి. నీళ్ల కరువు ఎరిగిన ఊళ్లో ఇది నిజంగా బాధ పెట్టే విషయం. మొదటి కడుగు నీళ్లలో ఉప్పుండదు కాబట్టి వాకిలి కడగడానికి పట్టుకోవచ్చు. ఉప్పు కలిసినవి మాత్రం చెట్లకు గానీ ఇంకుడు గుంతకు గానీ పోనివ్వకండి. ఈ రోజు గుంతలో వదిలిన ఉప్పు రేపు మనందరి బోర్లలోకే వస్తుంది.

ఫలితాలు: సబ్బు, బట్టల పొడి సగం సరిపోతున్నాయి. షవర్ రంధ్రాలు మూసుకోవడం లేదు, గీజర్ కాయిల్ మీద కొత్త పొర లేదు. పాత పొర మాత్రం దానంతట అది పోదు, ఒకసారి నిమ్మఉప్పుతో తీయించాల్సిందే. బాత్రూం గచ్చుకు యాసిడ్ అవసరం తప్పింది. యాసిడ్ టైల్స్ మధ్య సిమెంటునూ కుళాయిల మెరుపునూ తినేస్తుంది. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. జుట్టు జిగట పోయింది, రాలడం ఆగుతుందని మాత్రం ఎవరికీ చెప్పం. కందిబేడలు త్వరగా ఉడుకుతాయి గానీ, 500 కాఠిన్యం తీస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. వంటకు, తాగడానికి ఈ నీళ్లను ఆర్‌ఓ గుండా పంపండి. సున్నం పేరుకోదు కాబట్టి మెంబ్రేన్ కూడా ఎక్కువ కాలం వస్తుంది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు నేరుగా తాగకూడదు. మొక్కలకు, ఫ్లష్‌కు బోరు నీళ్ల పైపు వేరుగా ఉంచుకోండి.

కుళాయికి తగిలించే పిడికెడంత ఫిల్టర్లు మట్టి ఆపుతాయి, కాఠిన్యాన్ని కాదు. పైపుకు చుట్టే అయస్కాంతాలు పెట్టినా కిట్‌లో చుక్కల లెక్క మారదు. అద్దె ఇల్లయితే వాషింగ్ మిషన్, గీజర్ ముందు పాలీఫాస్ఫేట్ గుళికల గిన్నె పెట్టుకోండి. కాల్షియాన్ని తీయదు, గట్టిగా పేరుకోనివ్వదు. గుళికలు కరిగిపోతాయి, మళ్లీ నింపుతుండాలి.

కుళాయిలో బొంబాయి రవ్వంత పసుపు రెసిన్ గింజలు కనిపిస్తే సిలిండర్ అడుగు జల్లెడ విరిగిందని అర్థం. వెంటనే బైపాస్ వాల్వు తిప్పండి, లేకపోతే అవి వాషింగ్ మిషన్ వాల్వులో ఇరుక్కుంటాయి.