200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ యంత్రం: పనిబల్ల ఫ్రేముతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వాడాక

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఈ యంత్రాన్ని కొన్నప్పుడు నాకు వెల్డింగ్ బొత్తిగా రాదు. ఇంటి వెనుక షెడ్డులో పనిబల్లకు ఇనుప ఫ్రేము చేసుకోవడం ఒక్కటే అప్పటి అవసరం. ఆ తరువాత గేటు కీళ్లు, నిచ్చెన, మొక్కల స్టాండ్లు అన్నీ దీనితోనే చేశాను. ఇంతకాలం వాడాక నా అభిప్రాయం స్థిరపడింది. యంత్రం నమ్మదగినది, పెట్టెలో దానితోపాటు వచ్చే క్లాంపు (ఇనుముకు కరిపించి కరెంటు దారి పూర్తిచేసే పట్టు), కేబుళ్లు, ముసుగు మాత్రం నమ్మదగినవి కావు, వాటిని మార్చుకున్న తరువాతే యంత్రం అసలు సామర్థ్యం చేతికి తెలుస్తుంది.

ముందు యంత్రం గురించి. ఇన్వర్టర్ అంటే ఇక్కడ ఇంటి బ్యాటరీ ఇన్వర్టర్ కాదు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో వెల్డింగ్ కరెంటు ఇచ్చే తేలికైన యంత్రం. రాగి చుట్టల పాత ట్రాన్స్‌ఫార్మర్ యంత్రాన్ని కదపాలంటే ఇద్దరు కావాలి, దీనిని భుజానికి తగిలించుకుని డాబా మీదికి తీసుకువెళ్లవచ్చు. ఇది ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో ప్రవహించే కరెంటు కాబట్టి ఆర్క్, అంటే రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య పుట్టే విద్యుత్ మంట, నిలకడగా ఉంటుంది. రాడ్డు (కరిగి అతుకులో కలిసే, పైన పూత ఉన్న కడ్డీ) ఇనుముకు అతుక్కుపోయినప్పుడు యంత్రమే కరెంటు తగ్గిస్తుంది, అందువల్ల రాడ్డు ఎర్రగా కాలిపోకముందే విడదీయగలం. కొత్తవారి చేతిలో రాడ్డు మాటిమాటికీ అతుక్కుంటుంది కనుక ఈ ఒక్క సౌకర్యమే నేర్చుకునే కాలాన్ని ఎంతో తగ్గిస్తుందని నేను గట్టిగా చెప్పగలను.

బల్లకు ఎంచుకున్నది 40 మి.మీ. చదరపు పైపు, గోడ మందం 2 మి.మీ. 20 అడుగుల పైపు ఒక్కొక్కటి 14 కిలోలకు కాస్త పైగా తూగుతుంది, మూడు పైపులు తీసుకుంటే ఫ్రేము పూర్తయి కొంత మిగులుతుంది కూడా. కొలత 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. ఈ కొలతలో ఒక సౌలభ్యం ఉంది: మూలలు సరిగ్గా ఉంటే ఐమూల కొలత (ఎదురెదురు మూలల మధ్య దూరం) కచ్చితంగా ఆరున్నర అడుగులు, అంటే 78 అంగుళాలు వస్తుంది, కాబట్టి టేపు ఒక్కటి ఉన్నా ఫ్రేము సరిచూసుకోవచ్చు. మూలమట్టం, పైపులను మూల దగ్గర పట్టి ఉంచే అయస్కాంతపు మూలలు ఎంత మంచివైనా ఐమూలలు రెండూ కొలిచి చూడనిదే పూర్తి వెల్డింగ్ మొదలుపెట్టకూడదు. వెల్డు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైపును తనవైపు లాగుతుంది. అందుకే ముందు అన్ని మూలలకూ చిన్న ట్యాకులు (తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క వెల్డులు) మాత్రమే వేసి, కొలిచి, ఆ తరువాత ఒక మూల చేశాక దానికి ఎదురు మూలకు వెళ్తూ పూర్తి చేయాలి.

ఇంత పలుచని పైపుకు పది నంబరు రాడ్డు, అంటే 3.15 మి.మీ.ది, అవసరం లేదు, అది చిల్లు పెడుతుంది. 2.5 మి.మీ. 6013 రకం రాడ్డును 65 నుంచి 75 ఆంపియర్ల మధ్య పెట్టి వాడితే సరిపోతుంది. రాడ్డును పట్టుకునే హోల్డరును మైనస్ వైపు, ఎర్త్ క్లాంపును ప్లస్ వైపు తగిలిస్తే పలుచని పైపు గోడ ఇంకాస్త క్షేమంగా ఉంటుంది. ఇలా మార్చుకునే వీలు పాత ఏసీ యంత్రాల్లో ఉండేది కాదు. రాడ్డు పెట్టెను వానాకాలంలో తెరిచి ఉంచితే పూత తేమ పీల్చుకుని ఆర్క్ చిటపటలాడుతుంది, వెల్డులో సూది రంధ్రాలు పడతాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచడం తప్పనిసరి.

ఇక సామగ్రి. యంత్రంతో వచ్చిన ఎర్త్ క్లాంపు పలుచని రేకుతో చేసినది, కొద్ది వాడకంతోనే దాని స్ప్రింగు సడలింది. క్లాంపు పట్టు సరిగా లేకపోతే డయల్ మీద ఎన్ని ఆంపియర్లు పెట్టినా ఆర్క్ తడబడుతుంది, కొత్తవారు ఆ లోపాన్ని తమ చేతికి ఆపాదించుకుని నిరుత్సాహపడతారు. ఇత్తడి క్లాంపు, అసలు రాగి తీగలున్న కేబుల్ వేసిన రోజు నుంచి వెల్డు గీత తీరే మారింది.

పెట్టెలోని ముసుగు చేతితో పట్టుకునేది. ఒక చేతిలో అది, మరో చేతిలో హోల్డరు ఉంటే పైపును అదిమి పట్టడానికి చెయ్యి మిగలదు. దానంతట అదే నల్లబడే హెల్మెట్ తీసుకోండి. రాడ్డును ఎక్కడ ఆనిస్తున్నామో ముందే కనబడుతుంది, ఆర్క్ పుట్టిన క్షణంలోనే అద్దం నల్లబడుతుంది. ఈ కరెంటుకు 10వ నంబరు నలుపు సరిపోతుంది. ఉత్త నల్ల కళ్లజోడుతో వెల్డింగ్ చేసేవారిని మన రోడ్ల పక్కన రోజూ చూస్తాం, దయచేసి వారిని అనుకరించవద్దు. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల ప్రభావం వెంటనే తెలియదు, కొన్ని గంటల తరువాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది, ముఖం మీది చర్మం కూడా కములుతుంది. అలాగే జింకు పూత ఉన్న పైపును పూత అరగదీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది. జింకు పూత లేని నల్ల పైపే కొనడం మేలు.

200 ఆంపియర్లు అన్న అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. 2.5 మి.మీ. రాడ్డుకు ఇంటి 16 ఆంపియర్ల సాకెట్టు చాలు. 120 ఆంపియర్లు దాటించి ఎక్కువసేపు పనిచేస్తే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగే స్విచ్చు) పడిపోతుంది. వేసవి సాయంత్రాల్లో ఓల్టేజి తగ్గినప్పుడు మా షెడ్డులో ఆర్క్ బలహీనపడుతుంది, పొడవైన సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే మరీనూ.

నిర్వహణలో నేను పట్టింపుగా చూసేది ఒక్కటే, గ్రైండర్ రజను. యంత్రం ఫ్యాను చుట్టూ ఉన్న గాలితోపాటు ఇనుప రజనును కూడా లోపలికి లాగుతుంది, అది సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటే షార్టు అవుతుంది. కాబట్టి గ్రైండింగ్ చేసేటప్పుడు యంత్రాన్ని దూరంగా పెడతాను, అప్పుడప్పుడు ప్లగ్గు తీసి కాసేపు ఆగి గాలి కొట్టిస్తాను. ఇప్పటిదాకా మరమ్మతు అవసరం రాలేదు.

బల్ల విషయానికి వస్తే, దాని మీద బిగించిన వైసులో మందపాటి కమ్మీలు వంచాను, సుత్తి దెబ్బలు వేశాను, ఒక్క అతుకూ విడలేదు. నేల ఎగుడుదిగుడుగా ఉండటంతో కాళ్ల అడుగున నట్లు వెల్డ్ చేసి బోల్టులు బిగించాను, రసమట్టం పెట్టి వాటిని తిప్పితే బల్ల కదలకుండా నిలుస్తుంది. 1 మి.మీ. రేకు పని మాత్రం ఈ యంత్రంతో శుభ్రంగా రాదు, దానిని మిగ్ యంత్రం (రాడ్డుకు బదులు సన్నని తీగ దానంతట అదే అందే రకం) ఉన్నవారి దగ్గర చేయిస్తున్నాను.