మొజాయిక్: నేరుగా అతికించాలా, తిరగేసి కూర్చాలా?

మొజాయిక్ అంటే గాజు, టైల్ ముక్కలను పక్కపక్కన కూర్చి బొమ్మ చేయడం. ఆ బొమ్మ సంగతి తర్వాత. పూర్తయిన పని ఎక్కడ ఉండబోతోందో ముందు తేల్చుకోవాలి. పద్ధతిని నిర్ణయించేది అదే.

నేరు పద్ధతిలో ముక్క వెనక జిగురు రాసి, రంగు పైకి ఉండేలా పలక మీద పెట్టేస్తాం. బొమ్మ కళ్లెదుటే పెరుగుతుంది, నచ్చని ముక్కను అప్పటికప్పుడే పీకి మార్చొచ్చు. దీని అసలు బలం మాత్రం వెలుగు. ఇటలీలోని రవెన్నాలో 547లో ప్రతిష్ఠించిన సాన్ విటాలే చర్చి గోడలు చూడండి. బంగారు రేకు పొదిగిన గాజు ముక్కలు ఒకే మట్టంలో లేవు కాబట్టే, మనం కదిలితే మెరుపూ కదులుతుంది. కుండలు, బొమ్మల లాంటి వంపు తిరిగిన వాటికీ ఇదే నయం. స్మాల్టీ (మొజాయిక్ కోసం చేసే మందపాటి రంగు గాజు) వాడితే గ్రౌట్, అంటే ముక్కల సందులు నింపే సిమెంటు ముద్ద, వేయకపోవడమే మంచిది. ఆ గాజు పైభాగంలో ఉండే సన్నటి గుంటల్లోకి గ్రౌట్ దూరి రంగు మసకబారుతుంది.

బల్లకో నేలకో ఇలా చేస్తే చిక్కే. టైల్ 6 మి.మీ., గాజు 4 మి.మీ. ఉంటే అంచులు పొడుచుకొచ్చి కాలికి, చేతికి తగులుతాయి.

అక్కడికి తిరగేసిన పద్ధతి కావాలి. బొమ్మను అద్దంలో కనిపించినట్టు కుడియెడమలు మార్చి క్రాఫ్ట్ కాగితం (గోధుమరంగు గట్టి కాగితం) మీద గీసి, ముక్కల రంగు వైపును మైదా జిగురుతో కాగితానికే అంటించాలి. తర్వాత ఆ కాగితాన్ని తిరగేసి, టైల్ అడెసివ్ పరిచిన చోట అదమాలి. ముక్కల మందంలో తేడాలు అడెసివ్‌లో మునిగిపోతాయి, పైమట్టం చదునుగా వస్తుంది. 1875లో తెరిచిన పారిస్ ఒపేరా భవనం మొజాయిక్‌లకు ఇటలీ కళాకారుడు జాన్ దొమెనికో ఫక్కీనా వాడింది ఇలాంటి దారే: వర్క్‌షాపులో కూర్చి, భాగాలుగా తెచ్చి బిగించడం.

తప్పులు జరిగేది కాగితం తీసేటప్పుడే. తడిపి 10–15 నిమిషాలు ఆగి, కాగితాన్ని పైకి లాగకుండా పలకకు ఆనించినట్టు వాలుగా ఒలవాలి. అడెసివ్ పట్టకముందే లాగితే ముక్కలు కాగితంతోపాటే లేచొస్తాయి. పూర్తిగా గట్టిపడ్డాక తీస్తే జరిగిన ముక్కను సర్దే వీలుండదు. పెద్ద బొమ్మను భాగాలుగా కోసేటప్పుడు తిన్నగా కోయకండి, అతుకు గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొమ్మ గీతల వెంటే కోసి, ప్రతి భాగం మీదా అంకె, బాణం గుర్తు వేసుకోండి. ఒకే వైపు రంగున్న టైల్‌తో ఇంకో ఇబ్బంది: చేస్తున్నంతసేపూ వెనక మట్టిరంగే కనిపిస్తుంది. రెండు వైపులా రంగుండే గాజుకు ఆ బాధ లేదు.

ఫైబర్ మెష్ (వల లాంటి సన్నటి గుడ్డ) మీద కూర్చడం మూడో దారి. సులువే, అందుకే అవసరానికి మించి వాడేస్తారు. మెష్ కింద పాలిథీన్ షీటు వేయకపోతే గీసుకున్న కాగితానికే అతుక్కుపోతుంది. పీవీఏ తెల్లజిగురు తడికి మళ్లీ మెత్తబడుతుంది. పైగా ముక్క వెనకంతా జిగురు పొర ఉంటే అడెసివ్‌కు పట్టు దొరకదు. లోపలి పొడి గోడలకు పరవాలేదు. కొలనుకు, బయటి నేలకు వద్దే వద్దు.

ఏ దారైనా, గ్రౌట్ వేసే పనైతే ముక్కల మధ్య 2–3 మి.మీ. సందు వదలండి. అడెసివ్ మరీ మందంగా పరిస్తే ఆ సందుల్లోంచి పైకి ఉబికి, గ్రౌట్‌కు చోటు మిగలదు. ఉబికినదాన్ని పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో గీకేయాలి. ఎండాక తీయబోతే ముక్కల అంచులు పగులుతాయి.